పత్తర్‌గట్టి కమాన్లు, ఒక ఖాలీ డబ్బా

ముందు ఒక చిన్న లెక్క. ఒక వరసలో పది కమాన్లు ఉన్నాయి. పక్కపక్క కమాన్లు మధ్యలో ఉన్న స్తంభాన్ని పంచుకుంటాయి. మొత్తం స్తంభాలు ఎన్ని?

పది అని నోటిదాకా వచ్చిందా? ఫర్వాలేదు. ఫస్టియర్ సీ ల్యాబులో ఇలాంటి తప్పే చేసి, లూపుని ఒక అడుగు ఎక్కువ నడిపించి, అర్రే దాటి ఎక్కడికో వెళ్ళి, స్క్రీన్ మీద చెత్త నంబరు చూస్తూ గంటసేపు బుర్ర గోక్కున్న బ్యాచ్ మనది. జవాబు పదకొండు. ఈ ఒక్క 'ప్లస్ వన్' చుట్టూ పోయినేడాది నా ఆదివారాలు చాలానే తిరిగాయి. ఆ సంగతే రాస్తున్నాను. మనలో ఎవరైనా రేపు పిల్లలకి లెక్కలు చెప్పాల్సి వస్తే నేను చేసిన తప్పులైనా చెయ్యకుండా ఉంటారని.

మా ఎన్నెస్సెస్ జట్టు నుంచి నలుగురం పాతబస్తీకి వెళ్ళేవాళ్ళం. ఆరు, ఏడు, ఎనిమిది తరగతుల పిల్లలు, పదిహేను మందికి అటూ ఇటూ. చోటు పత్తర్‌గట్టి వెనక సందులో ఒక బట్టల కొట్టు పైన గది. కొట్టాయన మంచి మనసుతో ఇచ్చాడు. షరతు ఒక్కటే, పదకొండున్నరకల్లా ఖాళీ చెయ్యాలి, ఆ తర్వాత అక్కడ బట్టల తానులు దింపుతారు. పాతబస్తీలో కొట్లు తెరిచేది ఎటూ ఆలస్యంగానే కాబట్టి తొమ్మిదిన్నరకి మేం వెళ్ళేసరికి రోడ్డంతా మాదే అన్నట్టుండేది.

తెలియనివాళ్ళకి: నయాపూల్ దాటి మదీనా చౌరస్తా నుంచి చార్మినార్ వైపు నడిస్తే, గుల్జార్ హౌజ్ రాకముందు రెండు పక్కలా రాతి కమాన్ల వరసలు కనిపిస్తాయి. అదే పత్తర్‌గట్టి. పత్తర్ అంటే రాయి. మిగతా సగం తెలుగు 'గట్టి'యే అని మా పిల్లల్లో ఒకడు గట్టిగా వాదించాడు కానీ దాని జోలికి నేను పోను. 1908లో మూసీకి వచ్చిన వరద ఊరిని ఊడ్చేశాక, 1912లో నగరాన్ని బాగుచేసే బోర్డు ఒకటి పెట్టారు. ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ కాలంలో ఆ బోర్డు రోడ్లు వెడల్పు చేసి కట్టించినవాటిలో ఈ కమాన్ల బజారు ఒకటి. ఇప్పుడు సగం కమాన్లు షాపుల బోర్డుల వెనక దాక్కున్నాయి. ముత్యాలు, అత్తరు, పెళ్ళిబట్టలు. మేమూ మొదటి నెలంతా వాటి కిందనుంచే నడిచాం, తలెత్తి చూడలేదు.

మొదటి రోజు నేను బోర్డు మీద 'ఎక్స్ + 5 = 12' రాశాను. "ఏడు!" అని గది మొత్తం అరిచింది. మురిసిపోయాను. తర్వాత ఉత్త 'ఎక్స్ + 5' రాసి ఇదేమిటి అన్నా. నిశ్శబ్దం. కాసేపటికి ఒకడు జాలిపడి, "సమానం ఎంతో నువ్వు రాయనే లేదు భయ్యా" అన్నాడు. వాళ్ళకి బీజగణితం అంటే దాక్కున్న అంకెని పట్టుకోవడం. దొంగ దొరికితే ఆట అయిపోయినట్టు. దొంగే లేని 'ఎక్స్ + 5'తో ఏం చేసుకోవాలి? నేను చరరాశి, స్థిరరాశి, బీజీయ సమాసం అని పాఠ్యపుస్తకంలో మాటలన్నీ చదివి వినిపించాను. మూడు భాషల పిల్లలు (ఇంట్లో దక్కనీ, కొందరికి తెలుగు, బడిలో ఇంగ్లీషు) ఏ భాషలోనూ అర్థంకాని మొహం పెట్టారు. మూడు ఆదివారాలు ఇలాగే పోయాయి.

నాలుగో ఆదివారం గది తాళం దొరకలేదు. కొట్టాయన ఊళ్ళో లేడు. పిల్లల్ని తీసుకుని రోడ్డు మీదికి వచ్చి, ఏం చెయ్యాలో తోచక, "ఈ కమాన్లు లెక్కపెట్టండ్రా" అన్నాను. నిజం చెప్పాలంటే టైంపాస్‌కి అన్న మాట.

లెక్కపెట్టారు. ఒకడు కమాన్లు, ఇంకోడు స్తంభాలు. ఇద్దరికీ ఒకటి తేడా వచ్చి కొట్టుకున్నంత పని చేశారు. మళ్ళీ లెక్కపెట్టారు, మళ్ళీ ఒకటి తేడా. అప్పుడు మెట్ల మీద కూర్చుని నోట్సులో చిన్నగా మొదలుపెట్టాం. ఒక కమానుకి రెండు స్తంభాలు. రెండు కమాన్లకి మూడు. మూడింటికి నాలుగు. "ఒక్కొక్కటి పెరుగుతుంది" అని అందరూ పట్టేశారు. సరే, వంద కమాన్లకి? ఇద్దరు ముగ్గురు నిజంగానే గీయడం మొదలుపెట్టారు! గీస్తూ ఉంటే పెరుగుతూ పోతుంది, నిజమే. కానీ 'ముందుదానికి ఒకటి కలుపు' అన్న సూత్రంతో వందకి చేరాలంటే తొంభైతొమ్మిదో మెట్టు ఎక్కి రావాలి. పిల్లలకి పాటర్న్ అంటే ఇక్కడే ఆగిపోతుంది, నిలువుగా కిందికి చూస్తారు. అడ్డంగా, అంటే కమాన్లకీ స్తంభాలకీ మధ్య సంబంధం ఏమిటని చూడరు. చూడమని చెబితే చూడరు, గీయడం విసుగెత్తితేనే చూస్తారు. అందుకే వంద అడగాలి. పది అడిగితే గీసేస్తారు.

గీస్తున్నవాళ్ళలో ముత్యాలు గుచ్చే ఇంటి పిల్లాడు పెన్సిల్ కింద పెట్టేశాడు. "ప్రతి కమానుకీ ఎడమ స్తంభం ఒకటి ఇచ్చెయ్ భయ్యా. చివర్లో కుడి పక్క ఒకటి మిగులుతుంది. నూటొకటి." వాళ్ళింట్లో మంచి దండ గుచ్చేటప్పుడు ముత్యానికీ ముత్యానికీ మధ్య ముడి వేస్తారు, తెగినా అన్నీ రాలిపోకుండా. అరవై ముత్యాల మధ్య యాభైతొమ్మిది ముళ్ళు. వాడి చేతికి ఈ లెక్క ఎప్పుడో తెలుసు, నోటికి తెలియలేదంతే.

"మరి కమాన్లు ఎన్నుంటాయో నాకు తెలియదు. అప్పుడు?"

"జిత్నే కమాన్, ఉస్సే ఏక్ జాదా."

ఎన్ని కమాన్లో, అంతకి ఒకటి ఎక్కువ. ఇదీ బీజీయ సమాసం. ఇంకా అక్షరం రాయలేదు, కానీ అయిపోయింది. అక్షరం ఎప్పుడు రాయాలి అన్నదాని మీద నా అభిప్రాయం ఇప్పుడు ఇదే: పిల్లవాడు ఆ వాక్యాన్ని నోటితో చెప్పి, రాయడానికి బద్ధకించినప్పుడు. వాడే అన్నాడు, "'జిత్నే' బదులు ఖాలీ డబ్బా గీద్దాం, ఎంత కావాలంటే అంత వేసుకోవచ్చు." డబ్బా + 1. ఒక నెలంతా మేం డబ్బాలే గీశాం. తర్వాత డబ్బా గీయడం కూడా బద్ధకమై 'న' అని రాశాం.

ఇంటికొచ్చి వెతికితే ఒళ్ళు జలదరించింది. మన పాత గణితవేత్తలు తెలియని రాశిని పిలిచిన మాట 'యావత్-తావత్'. ఎంతైతే అంత. జిత్నా-ఉత్నా! 1150లో భాస్కరాచార్యుడు బీజగణితం రాసేనాటికి ఇది బాగా స్థిరపడిన పద్ధతి. రెండో తెలియని రాశి వస్తే దానికి రంగు పేరు పెట్టేవాళ్ళు. కాలకం, నీలకం, పీతకం, అంటే నలుపు, నీలం, పసుపు. రాసేటప్పుడు యా, కా, నీ, పీ అని మొదటి అక్షరాలతో సరిపెట్టేవాళ్ళు. బడిలో మనకి ఎక్స్, వై అని నేర్పారు కానీ, 'న' అని రాస్తే లెక్క చిన్నబోదు. మన తెలుగులోనూ పావులూరి మల్లన, మహావీరాచార్యుల సంస్కృత గణిత గ్రంథాన్ని పద్యాల్లోకి తెచ్చాడు. లెక్కా తెలుగూ ఒకే గదిలో కూర్చోవడం కొత్తేమీ కాదు.

అయితే మొదట్లో నేను 'న' కాదు, 'క' అని రాశాను. కమాను కాబట్టి క. తెలివైన పనే అనుకున్నా. రెండు వారాల్లో తిప్పలు మొదలయ్యాయి. 'క + 1' అంటే ఏమిట్రా అంటే, "ఒక కమాను, ఇంకోటి" అన్నారు. అక్షరం వస్తువుకి పొట్టిపేరు అయిపోయింది. యాపిల్స్‌కి ఏ, బనానాలకి బీ అని మనకి చెప్పిన పాఠం కూడా ఇదే రోగం. అక్షరం యాపిల్ కాదు, యాపిల్స్ ఎన్నో ఆ సంఖ్య. ఇది పొరపాటుగా తలకెక్కితే తర్వాత 'గాజు ధర', 'గాజుల సంఖ్య' రెండూ ఒకే లెక్కలో వచ్చినప్పుడు పిల్లలు మునిగిపోతారు. అందుకే వస్తువు పేరుతో సంబంధం లేని అక్షరానికి మారాను. ఇంకో విచిత్రం చూడండి. '2న' లో న స్థానంలో 5 వెయ్యమంటే సగం మంది 25 అన్నారు. తప్పు వాళ్ళది కాదు. అంకె పక్కన అంకె రాస్తే స్థానవిలువ అని ఆరేళ్ళు నేర్పింది మనమే. అక్కడ గుణకారం గుర్తు మాయమైందని ఎవరూ చెప్పలేదు. కొన్నాళ్ళు 2 × న అనే రాయించాను.

ఇక అసలు సంగతి.

డిసెంబరు దగ్గరపడుతోంది. ఎనిమిదో తరగతి పిల్లలు నలుగురు నేషనల్ మీన్స్ కమ్ మెరిట్ స్కాలర్‌షిప్ పరీక్షకి తయారవుతున్నారు. మానసిక సామర్థ్యం 90 ప్రశ్నలు, పాఠాల మీద 90. గెలిస్తే తొమ్మిది నుంచి ఇంటర్ పూర్తయ్యేదాకా ఏడాదికి 12,000 రూపాయలు. మనకి అది ఒక ఫోను ధర. అక్కడ కొన్ని ఇళ్ళలో, ముఖ్యంగా ఆడపిల్ల విషయంలో, బడి కొనసాగాలా వద్దా అన్న మాట వచ్చినప్పుడు బల్ల మీద పెట్టగలిగిన జవాబు. ఆ నలుగురిలో ఒక అమ్మాయి, మిషన్ కుట్టే తల్లి, బట్టల కొట్లో పనిచేసే తండ్రి. తమ్ముడు ఆరో తరగతి, వాడూ మా దగ్గరికే వచ్చేవాడు.

నేనొక చిన్న పరీక్ష పెట్టాను. అగ్గిపుల్లలతో కమాన్లు. రెండు నిలువు, పైన ఒకటి అడ్డం. పక్కపక్కన పెడితే మధ్య నిలువుపుల్ల ఇద్దరిదీ. ఒకదానికి 3 పుల్లలు, రెండింటికి 5, మూడింటికి 7. 'న' కమాన్లకి ఎన్ని? నా జవాబు 2న + 1. కాయితాలు తిరిగొచ్చేటప్పుడు బస్సులో దిద్దాను. ఆ అమ్మాయి రాసింది: 3న − న − 1. అడ్డంగా ఎర్ర గీత కొట్టేసి సున్నా వేశాను. తరువాయి ఆదివారం కాయితాలు ఇచ్చేసి, "పాటర్న్ చూడకుండా ఏదో ఒకటి రాస్తే ఎలా?" అని కూడా అన్నాను. పేరు పెట్టి అనలేదు, కానీ ఎవరినో తనకి తెలిసింది.

తర్వాత రెండు వారాలు రాలేదు. తమ్ముడు ఒక్కడే వచ్చాడు. పరీక్ష పెట్టుకుని మానేసిందేమిటి అని మా వాళ్ళతో విసుక్కున్నా కూడా. మూడో వారం పిల్లలకి అగ్గిపెట్టెలు పంచి మళ్ళీ అదే లెక్క చేయించాను. ఈసారి చూస్తూ నిలబడ్డాను, అంతే. ఒకడు స్తంభాలన్నీ పెట్టి తర్వాత పైకప్పులు పెట్టాడు. ఇంకోడు ఒక్క పుల్ల నిలబెట్టి, ఆ తర్వాత రెండేసి చేర్చుకుంటూ పోయాడు. ఒకమ్మాయి మొదటి కమాను పూర్తిగా కట్టి మిగతావాటికి రెండేసి పెట్టింది. ఈ తమ్ముడు మాత్రం ఐదు కమాన్లు విడివిడిగా, మూడేసి పుల్లలతో, కట్టాడు. తర్వాత వాటిని దగ్గరికి జరిపి, మధ్యలో జంటగా పడ్డ చోట ఒక్కో పుల్ల తీసి అగ్గిపెట్టెలో వేసుకున్నాడు. నాలుగు తీశాడు.

"ఇలా ఎవరు చెప్పార్రా?"

"అక్క ఇట్లనే చేసింది అన్నా. నువ్వు తప్పు అన్నావంట కదా."

మూడేసి చొప్పున న కమాన్లకి 3న. జంట పడేది కమాన్ల కంటే ఒకచోట తక్కువ, న − 1. తీసెయ్యాలి. 3న − (న − 1). ఆ అమ్మాయి రాసిందీ ఇదే, ఒక్క బ్రాకెట్టు తప్ప. అక్కడే పుల్లల మధ్య కూర్చుండిపోయాను. సాంకేతికంగా చూస్తే తను రాసింది తప్పే, 3న − న − 1 అంటే 2న − 1 అవుతుంది. ఒక్క కమానుకి ఒక్క పుల్ల! కానీ చూపు తప్పు కాదు. నేను సున్నా వేసింది రాతకి అనుకున్నాను. తను విన్నది చూపుకి.

క్లాసు అయ్యాక తమ్ముడితో వాళ్ళింటికి వెళ్ళాను. తల్లి మిషన్ ఆపి, "రా బాబూ, కూర్చో" అని స్టూలు చూపించింది. అమ్మాయి లోపలి గుమ్మం దగ్గర నిలబడింది, బయటికి రాలేదు. "దానికి అల్‌జీబ్రా రాదంట, పరీక్ష రాయనంటుంది. రాకపోతే ఎందుకు బలవంతం, మిషన్ నేర్చుకుంటది" అంది తల్లి. మామూలుగానే అంది, కోపంగా కాదు. నాకు అదే ఎక్కువ గుచ్చుకుంది.

"అమ్మా, తప్పు నాది. నేను సరిగ్గా చూడకుండా కొట్టేశాను" అన్నా. అగ్గిపెట్టె తీసి నేల మీద ఐదు కమాన్లు పేర్చాను. "నువ్వు ఇలాగే చేశావు కదా?" అంటే తలూపింది. "నాలుగు తీశావు. కాయితం మీద ఎన్ని తీశావో చూడు." వచ్చి కూర్చుంది. పదిహేను, తీసివేత ఐదు, తీసివేత ఒకటి. "ఆరు తీశాను" అంది తనే. ఒక నిమిషం ఆగి, "ఐదు మైనస్ ఒకటి ముందు చేసుకుని, అప్పుడు తియ్యాలి. అది ముందని ఎట్లా రాస్తారు?"

చూడండి, బ్రాకెట్టు కావాలని ఒక పిల్ల అడగడం నేను అదే మొదటిసారి వినడం. బోర్డు మీద బోడ్మాస్ రాసి, ముందు బ్రాకెట్లు అని బట్టీ పట్టిస్తాం. బ్రాకెట్టు అవసరం పడే లెక్క వాళ్ళదై ఉండాలన్న ఆలోచన ఉండదు. మూట కట్టినట్టు రాయాలన్నాను. (న − 1) అంతా ఒక మూట, మూట మొత్తం తియ్యి. మూట విప్పితే ఏమవుతుందో మాత్రం తల్లి చెప్పింది, మిషన్ దగ్గరనుంచే: "నాలుగు రూపాయలు ఇయ్యాలంటే చిల్లర లేనప్పుడు ఐదు ఇచ్చి ఒకటి తిరిగి తీసుకుంటాం, అంతే కదా." 15 − 5 + 1. మైనస్ మూట విప్పితే లోపలి మైనస్ ప్లస్ ఎందుకవుతుందో నాకు ఏ ట్యూషన్‌లోనూ ఇంత శుభ్రంగా చెప్పలేదు. న తీసెయ్యి, ఎక్కువ తీశావు కాబట్టి ఒకటి తిరిగి పెట్టు. 3న − న + 1. అంటే 2న + 1.

తిరిగి పెట్టడం. 'అల్‌జీబ్రా' అన్న మాట పుట్టిందే ఇక్కడ. సుమారు 820లో బాగ్దాద్‌లో అల్ ఖ్వారిజ్మీ రాసిన పుస్తకం పేరులోని 'అల్ జబ్ర్'కి అర్థం తీసేసినదాన్ని తిరిగి చేర్చి పూర్తిచెయ్యడం. సమీకరణంలో ఒక పక్క తక్కువైనదాన్ని రెండు పక్కలా చేర్చి సరిచెయ్యడాన్ని ఆయన అలా పిలిచాడు. అదే మాటకి విరిగిన ఎముక కట్టడం అన్న అర్థం కూడా ఉంది. స్పానిష్‌లో ఒకప్పుడు ఎముకలు కట్టేవాణ్ణి 'అల్‌జెబ్రిస్తా' అనేవాళ్ళు. అంటే మన పుత్తూరు కట్టు కూడా ఒక లెక్కన బీజగణితమే.

తరువాయి వారం గదిలో గోడ మీద నాలుగు కాయితాలు అంటించాను. (న + 1) + న. 1 + 2న. 3 + 2(న − 1). 3న − (న − 1). ఒక్కోదాని పక్కన అది కట్టినవాళ్ళ పుల్లల బొమ్మ. పెద్ద గొడవైంది, ఎవరిది కరెక్టని. న కి 1, 4, 10 వేసి చూశారు, అన్నిట్లో 3, 9, 21. మొదట మోసం అనుకున్నారు. నిదానంగా ఎక్కింది: ఒకే కమాన్ల వరసని నలుగురు నాలుగు వైపులనుంచి చూశారు, నలుగురూ ఒకటే సంఖ్య చెబుతున్నారు. సరూప పదాలు కూడటం, బ్రాకెట్లు విప్పడం అని మనం యాంత్రికంగా చేసే పని, ఈ నాలుగు చూపులూ ఒకటేనని రుజువు చెయ్యడం. అందుకు కాకపోతే ఎందుకు సూక్ష్మీకరించాలి? 2న + 1 ని 3న అని కలిపేసే పాత తప్పు కూడా అక్కడే పోయింది. ఐదు వేసి చూస్తే ఒకటి 11, ఒకటి 15. నాలుగు పుల్లలు ఎక్కడినుంచి తెస్తావ్ అని వాళ్ళలో వాళ్ళే అడుక్కున్నారు.

సాహిత్య సంఘం వాళ్ళం కాబట్టి ఒక మాట. మన పుస్తకాలు ఎక్స్‌ప్రెషన్‌ని 'సమాసం' అన్నాయి. మొదట్లో నవ్వుకున్నా కానీ ఇప్పుడు ఆ మాట నచ్చింది. వ్యాకరణంలో సమాసాన్ని ఎక్కడ విడదీస్తామన్నదాని మీద అర్థం మారుతుంది. విగ్రహవాక్యం తప్పు చెబితే మాస్టారు ఊరుకోరు. బ్రాకెట్టు పెట్టకపోవడం అచ్చంగా ఆ తప్పే.

ఆ అమ్మాయి తిరిగొచ్చింది. వచ్చిన రోజే నన్ను ఇరుకున పెట్టింది. "అన్నా, స్తంభాలు న + 1 అన్నావు. చార్మినార్‌కి నాలుగు పక్కలా నాలుగు కమాన్లు. మీనార్లు ఐదు ఉండాలి కదా?" గది మొత్తం నా వైపు తిరిగింది. కిటికీలోంచి చూస్తే చార్మినార్ కనపడదు కానీ ఎన్ని మీనార్లున్నాయో ఎవరూ లెక్కపెట్టక్కర్లేదు, పేరులోనే ఉంది. నేను చెప్పబోయి ఆగాను (ఇరవై ఆదివారాల్లో నేర్చుకున్న ఒకే ఒక్క విద్య ఇదేనేమో). పుల్లలు తీసి చతురస్రంగా పేర్చారు. ముత్యాల ఇంటి పిల్లాడే మళ్ళీ: "వరస తిరిగొచ్చి మొదటిదానికి తగిలింది. ఆఖరిది మొదటిదీ ఒకటే. దండకి కొక్కెం పెట్టకుండా రెండు కొసలు కలిపి ముడేస్తే, అరవై ముత్యాలకి అరవై ముళ్ళే." వరస తెరుచుకుని ఉంటే న + 1, మూసుకుంటే న. మనం క్యూ సర్క్యులర్ చేసినప్పుడు పడే తిప్పలు గుర్తొచ్చి నవ్వొచ్చింది. సూత్రం తప్పు కాదు, ఎక్కడ పనిచేస్తుందో చెప్పకుండా వదిలేసిన నాది తప్పు. ఆ రోజునుంచి ప్రతి సమాసం కింద 'ఎప్పుడు?' అని ఒక గీత గీసి రాయిస్తున్నాం.

సమీకరణాలు ఆ తర్వాతే మొదలుపెట్టాం, పెద్దగా చెప్పాల్సిన పని పడలేదు. పక్కనే ఛత్తా బజార్, పెళ్ళికార్డుల ప్రెస్సులు. ఒక ప్రెస్సు డిజైనుకి 800, కార్డుకి 12. ఇంకోటి డిజైనుకి 300, కార్డుకి 14. ఇవి నేను లెక్క కోసం పెట్టుకున్న ధరలు, పిల్లలు మాత్రం ఇంత చవక ఎక్కడా లేదని తిట్టారు. 800 + 12న, 300 + 14న. రెండూ కథలు చెబుతున్నాయి: ఒకటి ఎత్తున మొదలై నిదానంగా పెరుగుతుంది, ఇంకోటి కింద మొదలై తొందరగా. ఎక్కడో కలవాలి. 200 కార్డులకి 3200, 3100. 300 కి 4400, 4500. కాబట్టి మధ్యలో. రెండు పక్కలా 12న తీసేస్తే 800 = 300 + 2న, 250 దగ్గర సమానం. దొంగని పట్టుకునే ఆట మళ్ళీ వచ్చింది, కానీ ఈసారి దొంగ ఎక్కడుంటాడో ముందే అంచనా వేసుకుని వెళ్ళారు. 'సమానం' గుర్తు అంటే 'జవాబు ఇక్కడ రాయి' అని కాదు, రెండు పళ్ళేలూ ఒక ఎత్తున ఉన్నాయని. ఇక్కడ అది చెప్పక్కర్లేకపోయింది.

డిసెంబరులో తను పరీక్ష రాసింది. ఈ వ్యాసం పంపేనాటికి ఫలితాలు రాలేదు. సంక్రాంతి సెలవుల తర్వాత మొదటి ఆదివారం అగ్గిపుల్లలతో రెండంతస్తుల పత్తర్‌గట్టి కట్టింది. ఒక అంతస్తుకి 2న + 1, రెండింటికి 2(2న + 1). "బ్రాకెట్టు పెట్టాను, చూశావా" అంది.

"అంతస్తులు కూడా ఎన్నో తెలియకపోతే?" అన్నాను.

కాసేపు ఆలోచించి ఇంకో అక్షరం రాసింది: మ × (2న + 1). రాసి, పెన్ను అక్కడే ఆపి అడిగింది.

"రెండు డబ్బాలు అన్నా. రెండిట్లో వేరే వేరే నంబర్లే ఉండాలా, ఒకటే నంబరు కూడా ఉండొచ్చా?"

నేను నోరు తెరిచేలోపు తమ్ముడు మూడు అంతస్తులు, మూడు కమాన్లు పేర్చడం మొదలుపెట్టాడు. కింద కొట్టు షట్టర్ లేస్తున్న చప్పుడు. ఇరవయ్యొక్క పుల్ల కావాలి, పెట్టెలో పద్దెనిమిదే ఉన్నాయి.